తోక పట్టు

లైల్ కింబల్ ఏప్రిల్లో పోయాడు. పోయినప్పటి నుంచీ అతని భార్య వెర్నా ఏడవలేదు. ఇవాళ ఏడుస్తుంది, రేపు ఏడుస్తుంది అని ఊరంతా కాచుకుని కూర్చుంది. చర్చిలో ఏడవలేదు, మట్టి వేసేటప్పుడు ఏడవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు తెచ్చిన మకరోనీ గిన్నెలు కడిగి ఎవరివి వాళ్ళకు తిరిగి పంపేసింది. రాయి అన్నారు కొందరు. గట్టి మనిషి అన్నారు మరికొందరు. రెండూ తప్పే. ఆవిడకు ఏమీ తెలియడం లేదు, అంతే. కాఫీ వేడి తెలియదు, కూరలో ఉప్పు తెలియదు. పన్ను పీకేముందు సూది వేసిన చిగురులాగా మనిషంతా మొద్దుబారిపోయింది.

అయినా పని మానలేదు. పొద్దున్నే లేచి, రబ్బరు బూట్లు తొడుక్కుని, తమ ఎరల కొట్టు వెనకనుంచి డీర్‌లిక్ వాగు దాకా నడిచేది. వాగుకు అడ్డంగా ఇనుప కమ్మీల దడి, దడి మధ్యలో ఒక బోను. సరస్సులోంచి ఎగువకు పోయే పెద్ద చేప ఏదైనా సరే ఆ బోనులో దూరవలసిందే. మూత ఎత్తి చూడాలి, ఏముందో చూసి ఎగువకు వదలాలి, మళ్ళీ మూత వేయాలి. లైల్ మంచంలో ఉండగా అడిగింది అదొక్కటే.

"దడి చూడు వెర్నా. ఒక్కరోజు కూడా మానకు" అన్నాడు.

మానలేదు. ఎందుకు చూస్తోందో అడిగితే మాత్రం, ఆయన చూడమన్నాడు కాబట్టి అని తప్ప ఇంకేం చెప్పలేకపోయేది.

ఆ గొడవేమిటో కొంచెం చెప్పాలి. ఒంటారియో సరస్సులో ఒకప్పుడు సాల్మన్ చేప ఎంత ఉండేదంటే, ముత్తాతలు వాగులో దిగి పారలతో ఎత్తి గట్టు మీద వేసేవాళ్ళట. ఆ తర్వాత మిల్లులకోసం వాగులన్నిటికీ ఆనకట్టలు కట్టారు, ఒడ్డున చెట్లు కొట్టేశారు, దొరికినంతా పట్టుకు తిన్నారు. చివరి చేప ఎప్పుడు పోయిందో చూసినవాడు లేడు. ఉన్నప్పుడు విలువ తెలిస్తే మనుషులమెందుకవుతాం! చాలాకాలం సరస్సు బోసిగా ఉండిపోయింది. అప్పుడు పడమటి సముద్రంనుంచి ఇంకో చేప గుడ్లు తెచ్చి పొదిగించి ఇందులో వదిలారు. పేరుకు అదీ సాల్మనే గానీ ఊళ్ళో దాన్ని కింగ్ అంటారు. పోతులాంటి చేప. గాలానికి పడిందంటే చేతులు ఊడేలా లాగుతుంది. దాన్ని పట్టే సరదాకోసం ఎక్కడెక్కడినుంచో జనం దిగడం మొదలుపెట్టారు. బర్డెట్ రేవులో మోటళ్ళు లేచాయి, పడవలు లేచాయి, వెర్నా ఎరల కొట్టు కూడా ఆ కింగుల పుణ్యమా అనే నిలబడింది.

అలాంటి ఊళ్ళో లైల్, పాత సాల్మన్‌ని మళ్ళీ తెస్తానని బయలుదేరాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కదా, లైల్ అంతకంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు. తనలాంటి నలుగురిని పోగేసి పాత మిల్లు కట్ట పగలగొట్టించాడు, గట్టు పొడుగునా చెట్లు నాటించాడు. చేపగుడ్లు పొదిగించే ప్రభుత్వ హేచరీలో కాళ్ళావేళ్ళా పడి సాల్మన్ పిల్లలకోసం కొన్ని తొట్లు సంపాదించాడు. తొట్టిలో పెరిగిన ప్రతి పిల్లకూ, వీపు మీద తోక దగ్గరుండే బుల్లి రెక్కను చిన్న కత్తెరతో కత్తిరించి మరీ వాగులో వదిలేవాళ్ళు. వాగులో దానంతటది పుట్టిన చేపకు ఆ రెక్క ఉంటుంది. అదీ గుర్తు. ఇరవై ఏళ్ళు పైగా వదిలారు. సరస్సులో పెరిగి తిరిగొచ్చినవి ఏవో కొన్ని, అన్నీ రెక్క కత్తిరించినవే. రెక్క ఉన్న సాల్మన్ ఒక్కటంటే ఒక్కటీ రాలేదు.

లైల్ తమ్ముడు ఆర్లో పడవ కిరాయికి తిప్పుతాడు. కింగులకోసం వచ్చేవాళ్ళే అతని బతుకు. అన్నదమ్ములిద్దరూ ఈ విషయం మీద కొట్టుకోని పండగ లేదు. థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర లైల్ టర్కీ కాలు ఎత్తి పట్టుకుని పాఠం మొదలుపెట్టేవాడు.

"ఇదుగో చూడరా ఆర్లో. ఇక్కడ సన్నగా ఉంది, ఆ చివర ముడి ఉంది. సాల్మన్ తోక ఇలాగే ఉంటుంది. పట్టుకుంటే పట్టు దొరుకుతుంది. ట్రౌట్ చేప తోకైతే సబ్బుబిళ్ళ, జారిపోతుంది. పైకి రెండూ ఒకలాగే కనబడతాయి. కళ్ళు మోసం చేసినా చెయ్యి మోసం చెయ్యదు."

"రాని చుట్టానికి పీట వేసినట్టుంది అన్నయ్యా నీ వరస. ముందా కాలు ఇటు పడెయ్, చల్లారిపోతోంది" అనేవాడు ఆర్లో.

"నవ్వు, నవ్వు. నీ పడవకిందనుంచే పోతుందో రోజు."

"పోతే దండం పెడతాలే. ఈలోగా ఊరికి కూడు పెడుతున్నది కింగులు. ఆ తొట్లు వాటికిచ్చి ఉంటే ఇంకో పది పడవలు బతికేవి."

అందులో అబద్ధం లేదు. అందుకే లైల్‌కి అంత మండేది. ఆ మర్నాడే మళ్ళీ ఇద్దరూ కలిసి ఆర్లో పడవకు రంగులు వేస్తుండేవారు, అది వేరే సంగతి.

లైల్ పోయిన కొన్నాళ్ళకు చేపల శాఖ అధికారి పెల్కీ కొట్టుకు వచ్చాడు. మెత్తని మనిషి. చాలాసేపు నీళ్ళు నమిలి, ఎరల డబ్బాలన్నీ ఒకసారి చూసి, చివరికి చెప్పాడు.

"నాకూ కష్టంగానే ఉందమ్మా. తొట్లు చూస్తే తక్కువ, పడవలవాళ్ళు నన్ను పీక్కు తింటున్నారు. శరదృతువులో కింగుల గుడ్లు తీస్తాం. అప్పటికి ఆ తొట్లు ఎవరివో తేలిపోవాలి. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే చేపల పందెం అయ్యేలోగా, దడి దగ్గర గానీ సరస్సులో గానీ, రెక్క ఉన్న సాల్మన్ ఒక్కటి కనబడితే చాలు, ఇంకొన్నేళ్ళు పొడిగిస్తాను. అది నా పూచీ. లేదంటే మాత్రం..."

"లేదంటే కింగులకిచ్చెయ్యండి" అంది వెర్నా. మనసులో ఏ మూలో కాస్త కలుక్కుమంటుందేమోనని చూసుకుంది. ఎక్కడా కలుక్కుమనలేదు.

వేసవంతా దడి చూసింది. బోనులో ట్రౌట్‌లు, సక్కర్ చేపలు, ఒకసారి ఎవరిదో పిల్లాడి చెప్పు. సాల్మన్ లేదు. ఆర్లో అప్పుడప్పుడూ వచ్చి, వదిన తింటోందో లేదోనని ఫ్రిజ్ తెరిచి చూసి, శాండ్‌విచ్ ఒకటి అందులో పెట్టి వెళ్ళేవాడు. దాన్ని ఆవిడ తినేది. అందులో ఏముందో అడిగితే చెప్పలేకపోయేది.

పందెం ఆఖరి రోజు వచ్చింది. పందెం చేపలు తూచేది ఏటా వెర్నా కొట్టు ముందే. గుడారం కింద కాటా, పక్కనే నల్లబల్ల, మైకు పట్టుకుని డాటీ. డాటీ ఒక మోటల్ నడుపుతుంది, ఊళ్ళో నోరు పెద్దది. మైకు లేకపోయినా అవతలి రేవుకు వినబడుతుంది, ఆ సంగతి ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. పెద్ద ట్రౌట్‌కి ఈసారి బహుమానం కొత్త పడవ మోటారు. ఆర్లో పడవకున్న మోటారు క్షయరోగిలాగా దగ్గుతోంది. సరస్సు మధ్యలో రెండుసార్లు ఆగిపోయి, కిరాయికి ఎక్కినవాళ్ళు తిట్ల దండకం చదివారు. అందుకే ఆ రోజు కిరాయి మానుకుని తెల్లవారకుండానే ఒంటరిగా వెళ్ళాడు.

మధ్యాహ్నం పందెం ముగిసేముందు రేవులోకి వచ్చాడు. ఐస్‌పెట్టె భుజాన వేసుకుని గుడారంలోకి వస్తూనే అరిచాడు.

"వదినా, కాటా తుడు! ఇవాళ మోటారు మన ఇంటికొస్తోంది!"

"వడ్డించేది వదినగారైతే ఏ బంతిలో కూర్చుంటేనేం!" అని డాటీ మైకులో అంది. జనం గొల్లుమన్నారు.

"నీ దిష్టి తగిలే నా పాత మోటారు చెడింది, తెలుసా డాటీ? ఇటు చూడు ట్రౌట్ అంటే! వాగు మొగ దగ్గర పడింది. ఎగిరింది చూడూ... ట్రౌట్ అంత ఎత్తు ఎగరడం నేనైతే చూళ్ళేదు."

పెట్టె మూత తీశాడు. ఐసు మీద చేప గోధుమరంగు తిరుగుతున్న వెండిలా మెరుస్తోంది. తలమీద కర్రదెబ్బ గుర్తు ఉంది. పడవలో వేసుకోగానే అలా ఒకటి కొట్టడం ఇక్కడ అందరికీ అలవాటే.

వెర్నా చేప తోక పట్టుకుని ఎత్తింది. పొద్దుటినుంచీ అలా ఎన్నో ట్రౌట్‌లు ఎత్తింది, ప్రతిదీ జారుతుంటే రెండో చెయ్యి కింద వేసి ఆపుకుంది. ఈసారి కూడా రెండో చెయ్యి దానంతటదే వచ్చింది. అవసరం పడలేదు. తోక జారలేదు. పిడికిట్లో ముడి దగ్గర ఆగిపోయింది.

కాటా మీద పడుకోబెట్టి చూసింది. పైదవడ కంటి కిందే ఆగిపోయింది. ట్రౌట్‌కైతే కన్ను దాటి వెనక్కి పోతుంది. వీపు మీద, తోక దగ్గర, చిటికెనవేలి కొసంత రెక్క. ఎవరూ కత్తిరించలేదు. కత్తెర అనేదే ఎరగని రెక్క.

నాలుగడుగుల దూరంలో పెల్కీ చెట్టు కింద నిలబడి హాట్‌డాగ్ తింటున్నాడు. పిలిస్తే చాలు. ఒక్క పిలుపుతో లైల్ తొట్లు నిలబడతాయి. ఆ ఒక్క పిలుపుతోనే ఆర్లో పడవ లైసెన్సు పోతుంది. రెక్క లేని సాల్మన్‌ని పట్టుకు తినొచ్చు గానీ రెక్క ఉన్నదాన్ని చంపితే తెలిసి చంపినా తెలియక చంపినా అదే శిక్ష. ఆ నియమం పెట్టమని ఊరూరా తిరిగి సంతకాలు పోగుచేసినవాడు లైలే.

వెర్నా సుద్దముక్క తీసుకుంది. నల్లబల్ల మీద ఆర్లో కింబల్ అని రాసింది. బ్రౌన్ ట్రౌట్ అని రాసింది. పక్కన బరువు వేసింది. సుద్దముక్క కింద పెట్టి చేతులు తుడుచుకుంది.

అయిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? లైల్ బోనులో తప్ప తాతల కాలంనుంచీ ఎవరూ చూడని చేపని ఎవడు గుర్తుపడతాడు? కింగుని పడవ మీదనుంచి నీడ చూసి చెప్పగలిగే ఆర్లోకే తెలియలేదు. రాదని నమ్మినవాడి కంటికి వచ్చినా కనబడదు.

గంట కొట్టారు. పందెం ముగిసింది. ఆర్లోది గెలిచింది. చప్పట్లు, ఈలలు. గెలిచినవాడు చేపను ఎత్తి పట్టుకుంటే ఫోటో తీసి కొట్టు గోడకు తగిలించడం ఆనవాయితీ. మామూలుగా మొప్పల్లో వేళ్ళు దూర్చి ఎత్తుతారు. ఆర్లో దూర్చబోయాడు.

"మొప్పలొద్దు నాయనోయ్! పోయినేడు రక్తమంతా నా కొత్త చెప్పుల మీద పడింది. తోక పట్టుకుని ఎత్తవయ్యా, చచ్చిన చేప కరవదు!" అంది డాటీ.

"జారుతుందే!"

"జారితే కింద చెయ్యి పెట్టు. రెండు చేతులిచ్చాడుగా దేవుడు!"

ఆర్లో కుడిచేత్తో తోక పట్టుకున్నాడు, ఎడమచెయ్యి కింద పట్టి మెల్లగా ఎత్తాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఫోన్లన్నీ లేచాయి. చేప జారలేదు. ఎడమచెయ్యి తీసి చూశాడు. ఒంటిచేత్తో వేలాడుతోంది. ఇంకాస్త పైకి ఎత్తాడు. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది గానీ అందులోంచి మనిషి వెళ్ళిపోయాడు.

తోక వంక చూశాడు. రెక్క వంక చూశాడు. తల తిప్పి వెర్నా వంక చూశాడు. వెర్నా సుద్దల డబ్బా మూత పెడుతోంది.

"ఇటు చూడవయ్యా పెళ్ళికొడుకా!" అంది డాటీ.

"డాటీ, ఆ మైకు ఇలా ఇవ్వు."

"ఏం, ఉపన్యాసమా?"

"ఇవ్వవే బాబూ."

ఇచ్చింది. ఆర్లో ఒక చేత్తో చేప, ఒక చేత్తో మైకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ బల్ల తుడిపెయ్యండి. ఇది ట్రౌట్ కాదు. సాల్మన్. రెక్క ఉంది. వాగులో పుట్టింది. మా అన్నయ్యది. పొద్దున నేనే కర్ర పెట్టి కొట్టాను. పెల్కీ గారూ, ఇలా రండి."

వెనకనుంచి ఎవరో, నోరు మూసుకుని మోటారు తీసుకుపోవచ్చుగా వెధవా అని గొణిగారు. అది ప్రేమతో తిట్టిన తిట్టే. డాటీకి మొదటిసారి మాట దొరకలేదు.

పెల్కీ మూతికంటిన ఆవపచ్చడి తుడుచుకుంటూ వచ్చాడు. తోక పట్టుకున్నాడు, దవడ చూశాడు, రెక్క మీద వేలు పెట్టి నిమిరాడు. టోపీ తీసేశాడు. తర్వాత కాటా మీదే చేప పొట్ట కోశాడు. నారింజరంగు గుడ్లు, ఇంకా పండనివి, రెండు దొంతరలుగా కనబడ్డాయి.

"ఆడది" అన్నాడు.

"చచ్చినా సాక్ష్యం సాక్ష్యమే. తొట్లు ఉంటాయమ్మా" అన్నాడు వెర్నాతో. ఆర్లో వైపు తిరిగి, "ఆర్లో, నీ లైసెన్సు..." అని ఆగాడు.

"పడవలో ఉంది. తెస్తాను" అన్నాడు ఆర్లో.

జనం వచ్చి వెర్నాని కావలించుకున్నారు. లైల్ పైనుంచి చూస్తూనే ఉంటాడన్నారు. ఊరు ఊరంతా ఆవిడ మొహంలోకి చూసింది, ఇప్పుడైనా ఏడుస్తుందేమోనని. ఆవిడ అందరికీ థాంక్స్ చెప్పి, బక్కెట్టు నీళ్ళు తెచ్చి కాటా కడిగింది.

మర్నాడు పొద్దున్నే వాగు దగ్గరికి వెళ్ళేసరికి ఆర్లో గట్టున కూర్చుని ఉన్నాడు. పక్కన ఫ్లాస్కు, రెండు కప్పులు.

"పడవ పని లేదుగా. నిద్ర పట్టలేదు" అన్నాడు.

వెర్నా పక్కన కూర్చుంది. కాఫీ పోశాడు. ఇద్దరూ దడి వంక చూస్తూ తాగారు.

"వదినా, ఒక్కటి అడుగుతా. నీకు ముందే తెలిసింది కదూ? తోక పట్టుకోగానే?"

"తెలిసింది."

"మరి ట్రౌట్ అని ఎందుకు రాశావు?"

"ఆయన లేడు. చేపా చచ్చింది. నువ్వొక్కడివైనా మిగులుతావని."

ఆర్లో చేతిలో కప్పు కింద పెట్టాడు. అరచేతులతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

"నామీద జాలేసి అన్నయ్యని ముంచేద్దామనుకున్నావా?" అన్నాడు.

వెర్నా తన కప్పు గడ్డిలో పెట్టింది.

"అది కూడా నిజం కాదురా. నీ పేరు అడ్డం పెట్టుకున్నాను, అంతే" అంది చివరికి. "తోక చేతిలో ఆగింది. ఇన్నేళ్ళు ఆయన ఎదురుచూసిన చేప. ఆయన చేతికి రాకుండా నా చేతికొచ్చింది. నాకేమీ అనిపించలేదు ఆర్లో. చీమ కుట్టినంత కూడా లేదు. భయమేసింది. ఆయన పోతే ఏడవలేదు, ఇది వచ్చినా ఏమీ లేదు, ఇక నేనేం మనిషినని. ట్రౌట్ అని రాసేస్తే... ట్రౌట్‌కి ఏమీ అనిపించక్కర్లేదు కదా."

ఆర్లోకి చేతనైంది ఒక్కటే కనబడింది. లేచి, బూట్లు లేవన్న సంగతి మరచిపోయి, మామూలు జోళ్ళతోనే వాగులో దిగాడు.

"అమ్మ బాబోయ్!" అని కెవ్వుమన్నాడు. దడి దాకా నడిచి బోను మూత ఎత్తాడు.

"ఖాళీ" అన్నాడు.

"రోజూ ఖాళీయే. అడుక్కి చూడు, మూలల్లో దాక్కుంటాయి. ఉండు, నీకు తెలీదు."

వెర్నా దిగింది. బోను మీదికి వంగి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, నీళ్ళలో చెయ్యి ముంచి మూలలు తడిమింది. ఏమీ లేదు. చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయింది.

"ఏంట్రా, నీళ్ళు ఇంత చల్లగా ఉన్నాయి?"

"ఊటవాగు కదా వదినా. వేసవంతా ఇంతే. నువ్వు రోజూ దిగుతూనే ఉన్నావుగా!"

వెర్నా చెయ్యి బయటికి తీసుకుంది. ఎర్రగా కందిపోయింది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆ చేతిని ఎవరిదో అన్నట్టు కాసేపు చూసింది. గట్టు ఎక్కి, మంచుకు తడిసిన గడ్డిలో కూలబడి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, లైల్ లైల్ అంటూ పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది.

ఆర్లోకి ఏం చెయ్యాలో తోచలేదు. మూత ఎత్తి పట్టుకుని నీళ్ళలో అలాగే నిలబడ్డాడు.